భద్రాచలం సీటు కథ: ఓటు మనది, గీత ఎవరిది?

ఈ పోస్టు కాస్త పొడవు. తీరిక ఉన్నప్పుడు ఓపిగ్గా చదవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకీ చదివి వినిపించండి. ఇందులో ఉన్నదంతా వాళ్లు బతికిన కథే.

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ మనం పార్టీ గురించి, అభ్యర్థి గురించి, మెజారిటీ గురించి మాట్లాడుకుంటాం. ఫలానా సీటు ఎస్టీ రిజర్వుడు కాబట్టి అక్కడ గెలిచేది మనవాడే, ఇక దిగులేముంది అనుకుంటాం. కానీ ఆ సీటులో ఏ ఊళ్లు ఉండాలి, ఏవి పోవాలి అని గీత గీసేది ఎవరు? ఆ గీత మారినప్పుడు మన ఓటు ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే భద్రాచలం సీటు చరిత్ర చూడాలి. తెలంగాణ అసెంబ్లీలో దీని నంబరు 119. అంటే లిస్టులో చిట్టచివరిది. గీతలు మారడంలో మాత్రం అన్నిటికంటే ముందుంటుంది.

ముందు పాత గీతలు చూద్దాం

గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు ప్రాంతాలు ఒకప్పుడు నిజాం రాజ్యంలోవి. 1860లో నిజాం వీటిని బ్రిటిష్ వాళ్లకు అప్పజెప్పాడు. వాళ్లు వీటిని సెంట్రల్ ప్రావిన్సెస్‌లో కలిపారు. 1874లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను అక్కడినుంచి తీసి మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలో పెట్టారు. నూగూరు, ఆల్బాక, చర్ల వైపు భాగం మద్రాసులోకి వచ్చింది 1909లో.

కాగితం మీద ఇది ఆఫీసు మార్పు. అడవిలో మాత్రం వేరే కథ నడిచింది. మద్రాసు పాలన కిందికి వచ్చాక రేకపల్లి ప్రాంతంలో పోడు మీద పన్ను దాదాపు మూడు రెట్లయ్యింది. అడవి మీద ఆంక్షలు బిగిశాయి. 1879లో రంప పితూరీ లేచినప్పుడు రేకపల్లి కూడా లేచింది. అక్కడ అంబుల్ రెడ్డి నాయకత్వం వహించాడు. ఆ పితూరీని ప్రభుత్వ గెజిటీర్ రాసినవాళ్లు కూడా, ఈ ప్రాంతం ఒక ప్రావిన్సు నుంచి ఇంకో ప్రావిన్సుకు మారడం వల్ల పన్ను పెరగడమే కారణమని ఒప్పుకున్నారు. రేకపల్లి ఇప్పుడు వీఆర్ పురం మండలంలో ఉంది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 135 ఏళ్ల తర్వాత మళ్లీ ఇదే నేల మీద గీత మారింది.

ఇక ఓటు సంగతి. 1935 చట్టం వచ్చాక తూర్పుగోదావరి ఏజెన్సీని పాక్షికంగా మినహాయించిన ప్రాంతంగా ప్రకటించారు. మద్రాసు అసెంబ్లీలో 215 సీట్లుంటే, అందులో వెనుకబడిన ప్రాంతాలకూ తెగలకూ కలిపి ఇచ్చింది ఒక్కటి. మొత్తం ప్రెసిడెన్సీలో కొండల్లో, అడవుల్లో బతికే వాళ్లందరికీ కలిపి ఒక్క కుర్చీ. రాజ్యాంగం వచ్చాక 332వ అధికరణం కింద రాష్ట్రాల అసెంబ్లీల్లో మన జనాభా నిష్పత్తిలో సీట్లు రిజర్వు చేయాలన్నారు. ఇది చిన్న విషయం కాదు. తాతల కాలంలో పితూరీ చేస్తే తప్ప వినబడని మాట, ఇప్పుడు సభలో కూర్చుని చెప్పే హక్కు వచ్చింది.

గీతల మార్పు మాత్రం ఆగలేదు. 1952లో భద్రాచలం వాళ్లు మద్రాసు అసెంబ్లీకి ఓటేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. రాకపోకలకు ఖమ్మం దగ్గర అన్నారు. అది నిజమే. కానీ ఆ మార్పు 55 ఏళ్ల తర్వాత ఎంత పెద్ద తగాదాకు విత్తనం వేసిందో అప్పుడు ఎవరూ ఊహించి ఉండరు.

రిజర్వుడు సీటు అంటే ఏమిటి?

కొత్తగా చేరిన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఒక మాట. ఎస్టీ రిజర్వుడు సీటులో పోటీ చేసేది ఎస్టీ అభ్యర్థే. కానీ ఓటేసేది అందరూ. కోయ, కొండరెడ్డి, లంబాడా మాత్రమే కాదు, భద్రాచలం టౌన్‌లో వ్యాపారం చేసుకునే వాళ్లు, గోదావరి గట్టున మిర్చి, పొగాకు వేసే రైతులు, ఉద్యోగులు, అందరి ఓటూ కలిసే ఎమ్మెల్యే తేలుతాడు. కాబట్టి రిజర్వేషన్ అభ్యర్థి ఏ తెగవాడో తేలుస్తుంది. ఆ అభ్యర్థి ఎవరికి జవాబుదారీగా ఉంటాడన్నది మాత్రం ఆ గీత లోపల ఎవరి ఓట్లు ఎన్ని ఉన్నాయన్నదాని మీద ఆధారపడుతుంది. అందుకే గీత ముఖ్యం.

ఇంకో సంగతి. ఐదో షెడ్యూల్ ప్రకారం ఉండే గిరిజన సలహా మండలిలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది ఆ రాష్ట్ర ఎస్టీ ఎమ్మెల్యేలే ఉండాలి. అంటే మన ఎమ్మెల్యే రోడ్డు, బోరు వేయించడానికే కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి నిబంధనల మీద సలహా ఇచ్చే చోట కూర్చునేది కూడా ఆయనే. 1/70 చట్టం గురించి మాట్లాడాలన్నా, 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసిన జీవో నంబర్ 3 లాంటి దాన్ని మళ్లీ తెచ్చే దారి వెతకాలన్నా మొదట గొంతు విప్పాల్సిన మనిషి ఆయన. టీచర్ పోస్టుల కోసం డీఎడ్, బీఎడ్ చేసి కూర్చున్న మన వాళ్లకు ఈ మాట విలువ తెలుసు.

ఎవరెవరు గెలిచారు?

1978 నుంచి లెక్క చూద్దాం:

1978, 1983: ముర్ల ఎర్రయ్య రెడ్డి, సీపీఎం
1985, 1989, 1994: కుంజా బొజ్జి, సీపీఎం
1999, 2004: సున్నం రాజయ్య, సీపీఎం
2009: కుంజా సత్యవతి, కాంగ్రెస్
2014: సున్నం రాజయ్య, సీపీఎం
2018: పొదెం వీరయ్య, కాంగ్రెస్
2023: తెల్లం వెంకట్రావు, బీఆర్ఎస్

వరసగా ఏడుసార్లు, మధ్యలో ఒకసారి పోయి మళ్లీ ఒకసారి. మొత్తం ఎనిమిదిసార్లు సీపీఎం. రాష్ట్రంలో ఇందిర గాలి వీచినా, ఎన్టీఆర్ ప్రభంజనం వచ్చినా, ఈ సీటు తన దారిన తాను పోయింది. పొత్తులు కలిసొచ్చిన ఏళ్లున్నాయి, లేదనడం లేదు. 1985లో, 1994లో తెలుగుదేశంతో, 2004లో కాంగ్రెస్‌తో పొత్తు ఉంది. కానీ 1999 సంగతి చూడండి. ఆ ఏడు రాష్ట్రం మొత్తం మీద సీపీఎం గెలిచినవి రెండే సీట్లు. అందులో ఒకటి భద్రాచలం. పొత్తు లేకపోయినా నిలబడిందంటే కారణం ఊళ్లలో ఉంది. పోడు భూముల కోసం, తునికాకు కట్టకు రేటు కోసం, కూలి రేట్ల కోసం గూడేల్లో ఏళ్ల తరబడి నడిచిన సంఘాలున్నాయి. ఓటు అన్నది ఆ పనికి చివర్లో వచ్చేది.

మనం ఏ పార్టీ తరఫునా ఈ పోస్టు రాయడం లేదు. గ్రూపులో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు. కానీ ఇద్దరు మనుషుల గురించి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. కుంజా బొజ్జి గారు మూడుసార్లు ఎమ్మెల్యే. పదవి దిగాక కూడా మామూలు కోయ పెద్దాయనలాగే బతికారు. 2021 ఏప్రిల్‌లో చనిపోయినప్పుడు పార్టీలతో పని లేకుండా అందరూ చెప్పుకున్నది ఆయన ఆస్తి గురించే. ఆస్తి లేకపోవడం గురించి. సున్నం రాజయ్య గారు ఆర్టీసీ బస్సులో, ఆటోలో తిరిగే ఎమ్మెల్యేగా రాష్ట్రమంతా పేరు తెచ్చుకున్నారు. 2020 ఆగస్టులో కోవిడ్ ఆయన్ని తీసుకుపోయింది. 2009లో ఆయన్ని ఓడించి గెలిచిన కుంజా సత్యవతి గారు 2023 అక్టోబర్‌లో వెళ్లిపోయారు. మూడేళ్ల వ్యవధిలో ముగ్గురు మాజీ ఎమ్మెల్యేలు పోయారు. వాళ్ల అనుభవం పుస్తకాల్లోకి పెద్దగా ఎక్కలేదు. మన పెద్దల విషయంలో ఎప్పుడూ ఇంతే కదా.

ఇక్కడ పోలింగ్ ఎలా జరుగుతుందో కూడా బయటివాళ్లకు తెలీదు. మిగతా చోట్ల సాయంత్రం 5 దాకా ఓటేస్తే, 2018లో, 2023లో భద్రాచలం సహా 13 నియోజకవర్గాల్లో 4 గంటలకే పోలింగ్ ముగిసింది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతమని కారణం చెప్పారు. బహిష్కరణ పిలుపులు ఒకవైపు, బలగాల కూంబింగ్ ఒకవైపు. వాగు దాటి, అడవి దాటి బూత్‌కు నడిచే ఆడమనిషికి ఆ ఒక గంట చాలా పెద్దది. అయినా మన వాళ్లు క్యూలో నిలబడుతూనే ఉన్నారు.

2014: ఓటు ఒక రాష్ట్రంలో, ఊరు ఇంకో రాష్ట్రంలో

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

2008 పునర్విభజన ప్రకారం భద్రాచలం సీటులో ఎనిమిది మండలాలుండేవి: వాజేడు, వెంకటాపురం, చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం, కూనవరం, చింతూరు, వీఆర్ పురం. గోదావరి, శబరి రెండు నదుల వెంట పరుచుకున్న సీటు ఇది.

2014 ఏప్రిల్ 30న ఈ ఎనిమిది మండలాల వాళ్లూ ఓటేశారు. మే 16న లెక్కింపు. సున్నం రాజయ్య గెలిచారు. ఆధిక్యం రెండు వేల లోపే. అంటే ఏ ఒక్క మండలం ఓట్లు తీసేసినా ఫలితం అటో ఇటో అయ్యేదేమో అన్నంత దగ్గరి పోటీ. ఫలితం వచ్చిన 13 రోజులకు, మే 29న, కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. పోలవరం ప్రాజెక్టు ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా. బూర్గంపాడులో కొన్ని ఊళ్లు. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప మిగతావన్నీ. జులైలో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది.

గుడి ఉన్న టౌన్ తెలంగాణలో ఉండిపోయింది. టౌన్‌కు ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రాకు పోయాయి. దుమ్ముగూడెం నుంచి భద్రాచలం టౌన్‌కు రావాలంటే మధ్యలో ఇంకో రాష్ట్రం దాటాలి.

దీనివల్ల తెగింది ఒక్క సీటు కాదు. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్లు ఆ ఎన్నికల్లో అశ్వారావుపేటకు ఓటేశారు. బూర్గంపాడు వాళ్లు పినపాకకు ఓటేశారు. ఈ రెండూ ఎస్టీ సీట్లే. మూడు ఎస్టీ సీట్ల నుంచి ఊళ్లు కోసి రంపచోడవరం, పోలవరం అనే ఇంకో రెండు ఎస్టీ సీట్లలో అతికించారు.

ఇప్పుడు చింతూరు ఓటరు స్థితి ఏమిటో ఆలోచించండి. ఆయన ఓటేసిన ఎమ్మెల్యే హైదరాబాద్‌లో తెలంగాణ అసెంబ్లీలో కూర్చున్నాడు. ఆయన ఊరిని పాలించే ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌ది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో రంపచోడవరం ఎమ్మెల్యే ఉన్నారు, కానీ ఆమెకు ఈ మండలాల వాళ్లెవరూ ఓటేయలేదు. 2014 జూన్ నుంచి 2019 ఎన్నికల దాకా ఇదే పరిస్థితి. ఆ ఐదేళ్లలోనే పోలవరం పనులు జోరందుకున్నాయి. ఎవరి భూమి మునుగుతుంది, ఎంత పరిహారం, ఏ కాలనీలో ఇల్లు, 18 ఏళ్లు నిండిన వాళ్లను వేరే కుటుంబంగా లెక్కించే కటాఫ్ తేదీ ఏది, ఇలాంటి బతుకు ప్రశ్నలన్నీ ఆ సభలో తేలాల్సినవి. తేల్చే సభలో ఈ మండలాల వాళ్లు ఎన్నుకున్న ఎమ్మెల్యే ఒక్కరూ లేరు.

రాజయ్య గారి పరిస్థితి ఇంకా విచిత్రం. ఆయన ఊరు సున్నంవారిగూడెం, వీఆర్ పురం మండలం. అంటే ఆయన ఇల్లు ఆంధ్రాలో, పదవి తెలంగాణలో. 119 మంది సభలో సీపీఎం తరఫున ఒక్కడే. సొంత ఊరి ముంపు గురించి తెలంగాణ సభలో ఎంత మాట్లాడినా, పరిహారం ఇవ్వాల్సిన ప్రభుత్వం అక్కడ లేదు. 2019లో ఆయన రంపచోడవరం నుంచి పోటీ చేశారు, గెలవలేదు. ఒకే మనిషి, ఒకే ఊరు, కానీ ఓట్ల పరంగా అది కొత్త దేశమే. ఆయన 20 ఏళ్లు తిరిగిన చర్ల, దుమ్ముగూడెం గీతకు ఇవతలే ఉండిపోయాయి. ఆయన్ని అంతగా ఎరగని అడ్డతీగల, రాజవొమ్మంగి గీత లోపలికి వచ్చాయి.

చింతూరు మండలంలో ఒక ముసలమ్మను ఊహించుకోండి. 1940లలో పుట్టింది. పుట్టినప్పుడు మద్రాసు రాష్ట్రం, తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మం జిల్లా. 2014లో మళ్లీ తూర్పుగోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా, కేంద్రం పాడేరు. ఎంపీ ఓటు 2004లో భద్రాచలం సీటుకు వేసింది. ఆ సీటు 2008లో రద్దయ్యింది. 2009లో, 2014లో మహబూబాబాద్‌కు, 2019లో, 2024లో అరకుకు వేసింది. ఇన్ని జరిగినా ఆమె గుడిసె మాత్రం ఉన్నచోటే ఉంది. ఆమె మనవడికి కుల ధ్రువీకరణ పత్రం ఏ రాష్ట్రంది, లోకల్ ఎక్కడ, నాన్-లోకల్ ఎక్కడ అన్న ప్రశ్నలు ఈ గ్రూపులో ఎన్నిసార్లు వచ్చాయో మనకు తెలుసు. దరఖాస్తు ఫారం దగ్గర తగిలేది కూడా ఆ గీతే.

రెండు ఒడ్డుల్లో ఏం జరిగింది?

తెలంగాణ వైపు చూద్దాం. ఇప్పుడు భద్రాచలం సీటులో మిగిలింది భద్రాచలం టౌన్, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. ఇందులో కూడా వాజేడు, వెంకటాపురం 2016లో భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు పోయాయి. కలెక్టర్ ములుగులో, ఎమ్మెల్యే భద్రాచలంలో, ఎంపీ మహబూబాబాద్‌లో. 2023లో ఈ సీటులో ఓటర్లు సుమారు లక్షా 48 వేలు. రాష్ట్రంలోకెల్లా అతి తక్కువ. మన జనం ఎక్కువగా ఉన్న మండలాలు వెళ్లిపోయి టౌన్ పూర్తిగా ఉండిపోయింది కాబట్టి, టౌన్ ఓటు బరువు మునుపటికంటే పెరిగింది. సీటు పేరు ఎస్టీయే, కానీ లోపలి తూకం మారింది.

2018లో పొదెం వీరయ్య 11 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. 2023లో తెల్లం వెంకట్రావు 5,719 ఓట్లతో ఆయన్ని ఓడించారు. ఉమ్మడి ఖమ్మం జిల్లా 10 సీట్లలో బీఆర్ఎస్‌కు దక్కింది ఇదొక్కటే. నాలుగు నెలలు తిరిగేసరికి, 2024 ఏప్రిల్‌లో ఆయన కాంగ్రెస్‌లో చేరారు. ఫిరాయింపు పిటిషన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఆంధ్రా వైపు చూద్దాం. 2014లో రంపచోడవరంలో వైసీపీ గుర్తు మీద గెలిచిన వంతల రాజేశ్వరి 2017లో తెలుగుదేశంలో చేరారు. 2019లో వైసీపీ నుంచి నాగులపల్లి ధనలక్ష్మి గెలిచారు. 2024లో తెలుగుదేశం నుంచి మిరియాల శిరీషా దేవి గెలిచారు. ఆమె ఒకప్పుడు అంగన్‌వాడీ కార్యకర్త. మన గూడేల్లో పిల్లలకు పాలు, గుడ్లు పంచిన చేయి అసెంబ్లీలో మైకు పట్టుకోవడం సంతోషించాల్సిన విషయమే. ఆ సీటులో వరసగా మూడుసార్లు మహిళలు గెలవడం కూడా గమనించండి. కానీ ఆ సీటు ఇప్పుడు చాలా పెద్దది. మారేడుమిల్లి ఘాట్‌కు ఇటు కొన్ని మండలాలు, అటు కొన్ని. ఒక చివరినుంచి ఇంకో చివరికి పోవడానికి పూట పడుతుంది.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ముంపు మండలాలు నీళ్లలో ఉన్నాయి. ఆ వరద తగ్గాక ఎటపాక వైపు ఊళ్లలో మమ్మల్ని మళ్లీ తెలంగాణలో కలపండి అన్న డిమాండ్ లేచింది. ఆస్పత్రి, బజారు, బస్టాండు అన్నీ భద్రాచలంలోనే ఉన్నవాళ్లకు అలా అనిపించడం సహజం. కలపాలా వద్దా అన్నదాని మీద మన గ్రూపులోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఉండనివ్వండి. కానీ ఒక్క విషయంలో అందరం ఒప్పుకోవచ్చు. 1860లో, 1874లో, 1909లో, 1959లో, 2014లో, ఎప్పుడు గీత మారినా గూడేల్లో కూర్చుని మీరేమంటారు అని అడిగి తీర్మానం తీసుకుని మార్చింది లేదు.

మళ్లీ గీత గీసే రోజు దగ్గరపడింది

ఇదంతా పాత కథ అని వదిలేయడానికి లేదు. 2027 జనగణనకు కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చేసింది. 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన జరగాలని రాజ్యాంగం చెబుతోంది. విభజన చట్టంలో తెలంగాణ సీట్లు 119 నుంచి 153కు, ఆంధ్రప్రదేశ్ సీట్లు 175 నుంచి 225కు పెంచే మాట ఉంది. ఇప్పుడే పెంచమని వేసిన కేసును 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంటే లెక్కల తర్వాతే. 2008 పునర్విభజనలో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్టీ సీట్లు 15 నుంచి 19కి పెరిగాయి. విడిపోయాక తెలంగాణకు 12, ఆంధ్రాకు 7. ఈసారి ఎన్ని, ఎక్కడ అన్నది జనాభా లెక్కల్లో మనం ఎంతమందిమి నమోదవుతామన్నదాని మీద ఉంది. మహిళా రిజర్వేషన్ కూడా అప్పుడే అమల్లోకి వస్తుంది. ఎస్టీ సీట్లలో మూడో వంతు మన అక్కాచెల్లెళ్లకు.

కాబట్టి మనం చేయగలిగిన పనులు మూడు.

మొదటిది జనగణన. ఇంటింటి లెక్క 2027 ఫిబ్రవరిలో. అది మిర్చి కోతల కాలం. మన వాళ్లు కుటుంబాలతో సహా గోదావరి గట్టున చేలల్లో గుడారాలు వేసుకుని ఉంటారు. ఊళ్లో తాళం ఉంటే లెక్కలోంచి జారిపోతారు. ఆ నెలలో ఏ గూడెం వాళ్లు ఎక్కడ ఉన్నారో మనం రాసి పెట్టుకుని, లెక్క రాసేవాళ్లకు చూపించాలి. తెగ పేరు, మాతృభాష కాలమ్‌లో కోయ అని సరిగ్గా రాయించాలి. తెలుగు అని ఊరికే టిక్ పెట్టేస్తే అడగాలి.

రెండోది పునర్విభజన ముసాయిదా. 2002 చట్టం ప్రకారం కమిషన్ ముసాయిదాను గెజిట్‌లో, పేపర్లలో ప్రకటించి అభ్యంతరాలు పిలవాలి, బహిరంగంగా వినాలి. ఎస్టీ సీట్లు ఎస్టీ జనాభా నిష్పత్తి ఎక్కువున్న చోట పెట్టాలి. సీటు భౌగోళికంగా ఒక ముద్దలా ఉండాలి, రాకపోకల వసతి చూడాలి, జనం సౌకర్యం చూడాలి. ఇవి చట్టంలోని మాటలే. వాజేడు నుంచి, చింతూరు నుంచి ఈ మాటలు పట్టుకునే అర్జీ రాయొచ్చు. ఒకసారి తుది ఉత్తర్వు వచ్చాక కోర్టుకు పోయే దారి కూడా దాదాపు ఉండదు. మాట్లాడాల్సింది ముసాయిదా మీదే.

మూడోది మన దగ్గరే ఉంది. ఇంట్లో ట్రంకు పెట్టెల్లో పాత ఓటరు కార్డులుంటాయి. ఖమ్మం జిల్లా అని ఒకటి, తూర్పుగోదావరి అని ఒకటి. పాత ఓటరు స్లిప్పులు, పోడు పట్టాలు, ముంపు నోటీసులు ఉంటాయి. వాటిని ఫొటో తీసి, ఊరి పేరుతో, సంవత్సరంతో దాచి పెట్టండి. ఇంటి నంబర్లు, ఫోన్ నంబర్లు కనిపించకుండా జాగ్రత్త పడండి. కుంజా బొజ్జి గారితో, రాజయ్య గారితో తిరిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ ఏడు ఏ ఊరి వాళ్లు ఎంత దూరం నడిచి ఓటేశారో, ఎందుకు వేశారో అడిగి రికార్డు చేయండి. రేపు కమిషన్ ముందు, మేం ఫలానా నదికి ఇటువైపు, ఫలానా ఊళ్లతో కలిసి ఇన్నేళ్లుగా ఓటేస్తున్నాం అని చెప్పాలంటే ఆ కాగితాలే సాక్ష్యం.

తెగ పేరు మీద సీటు ఇచ్చింది రాజ్యాంగం. ఆ సీటు ఏ నేల మీద నిలబడాలో చెప్పే మాట ఇప్పటిదాకా మన నోట రాలేదు. ఈసారి రావాలి. ముందు మీ మండలం పేరు, మీ ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఓటరు కార్డు ఏ సంవత్సరందో కామెంట్‌లో రాయండి. పని అక్కడినుంచి మొదలుపెడదాం.